ద పాండ్స్‌లో ఫ్రెంచి విప్లవం

“అమ్మమ్మా, ఫ్రెంచ్ రివల్యూషన్ వాళ్ళు అంత మంచి ఐడియాస్‌తో స్టార్ట్ చేశారు కదా. తర్వాత వాళ్ళ సొంత ఫ్రెండ్స్‌నే చంపేసుకున్నారు. ఎవ్రీవన్ జస్ట్ వెంట్ అలాంగ్. వై?”

ఆఁ? ఏవిటీ, వైయా? ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ. వినడానికి కళ్ళజోడెందుకంటావేవో, నాకు అది లేకపోతే వినపడదే. రికార్డు నొక్కావా? నొక్కావుగా. ఇదంతా మీ టీచరుకి వినిపించేవు మళ్ళీ... సరే వినిపించుకో, ఆవిడకేం అర్థమవుతుంది.

చూడు ఇషా, కాకినాడ దగ్గర జూనియర్ కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్ళు చెప్పాను ఈ ఫ్రెంచి విప్లవం. ముప్పయ్యా? కాదు, మీ అమ్మ పుట్టిన ఏడు సెలవు పెట్టాను, అది తీసేస్తే ఇరవై తొమ్మిదే. ఏటా క్వార్టర్లీ పరీక్షల లోపల రాజు తల తెగాలి, హాఫ్ ఇయర్లీకి సైనికుడు చక్రవర్తి అయిపోవాలి. అలా నడిచేది సిలబస్సు. నేను పేర్లు చెప్పేదాన్ని కాదు. ఆ ఫ్రెంచి పేర్లు బట్టీ పట్టడంతోనే మా పిల్లలకి సరిపోయేది, కథ ఎక్కేది కాదు. అంచేత మూడు ముక్కల్లో చెప్పేదాన్ని. రాజు, లాయరు, సైనికుడు. పేర్లు నీ పుస్తకంలో ఉన్నాయిగా, నువ్వు పెట్టుకో.

మొదటి ఏడే ఒక తమాషా జరిగింది. అప్పుడు మా ఊరి నుంచి కాలేజీకి బస్సు టికెట్టు ముప్పావలా. ఇంగ్లీషు పుస్తకంలో థర్డ్ ఎస్టేట్, అంటే మూడో వర్గం, మామూలు జనం, అని ఉంటే మూడో ఎస్టేటు అని బోర్డు మీద రాశాను. మా వైపు ఎస్టేటంటే జమీందారు గారి ఎస్టేటు. క్లాసు క్లాసంతా పరీక్షలో ఏం రాశారో తెలుసా, ఫ్రాన్సులో ముగ్గురు జమీందార్లుండేవారు, మూడో ఆయన బీదవాడు, అని. నవ్వితే నవ్వావు గానీ, మొన్న మీ నాన్న కొత్త ఎస్టేట్‌లో ఇల్లు చూద్దాం అన్నప్పుడు నాకు మళ్ళీ అదే గుర్తొచ్చింది. ఏదో చెబుతూ ఏదో... ఆఁ, నీ ప్రశ్న.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఈ ప్రశ్న ఒక్క పిల్లా అడగలేదు. లాయరు అంతమంది తలలు తీయించేవాడిగా ఎందుకయ్యాడని అడిగారు, సైనికుడు ఎలా గెలిచాడని అడిగారు. మిగతావాళ్ళంతా ఎందుకు ఊరుకున్నారని ఎవరూ అడగలేదు. అడిగితే భయం వల్ల అని చెప్పేదాన్నేమో. ఐదు మార్కులకి ఆ మాట చాలు. అసలు సంగతి మాత్రం నాకిక్కడ తెలిసింది, మన బుధవారం గుంపులో. డెబ్భై నాలుగో ఏట.

గుంపు తెలుసుగా నీకు. మన పేటలోనే, ద పాండ్స్ కమ్యూనిటీ హాల్లో పొద్దున్న పది నుంచి ఒంటిగంట దాకా. భజన, తంబోలా, టీ. మీ అమ్మ ఆఫీసుకి పోతూ పోతూ నన్ను దింపేది. దానికి ప్రెసిడెంటు రామ్మోహన్ గారు, రిటైర్డ్ ప్రొఫెసరు, ఈ దేశం వచ్చి నలభై ఏళ్ళు. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. ఆయనే పెట్టాడు గుంపు, అంచేత ఆయనే ప్రెసిడెంటు. మంచివాడే పాపం. ఆ ఫ్రాన్సు రాజు మాత్రం చెడ్డవాడా? తాళాలు చేసుకుంటూ, వేటాడుకుంటూ కాలక్షేపం చేసేవాడు, లోకం ఎటు పోతోందో పట్టేది కాదు. ఈయనకి తాళాలు కాదు, మైకు. మైకు చేతిలో పడితే ఇంక భజన లేదు, టీ లేదు.

హాల్లో మూడు వరసలు. ముందు వరస మెత్తటి కుర్చీలు, అవి ఆయనతో పాటు ఎప్పుడో వచ్చిన డాక్టర్లకీ ప్రొఫెసర్లకీ. మధ్య వరస మడత కుర్చీలు, మాలాంటి వాళ్ళకి, అంటే పిల్లలు పీఆర్ ఇప్పించి, ఇక్కడే ఉండిపోయేలా తెచ్చుకున్నవాళ్ళకి. మూడోది గోడ వారగా బెంచీలు. విజిటర్ వీసా మీద ఏడాదికని వచ్చే అమ్మానాన్నలంతా అక్కడ. ఎవరూ రూలు రాసి పెట్టలేదే, అలా కూర్చునేవాళ్ళం. టీ పెట్టేది, కప్పులు కడిగేది, కుర్చీలు మడిచేది ఆ గోడవారగా ఉన్నవాళ్ళు. ఏదైనా తేల్చాలంటే ఆయన మైకులో “ముందు వరస ఓకేనా, మధ్య వరస ఓకేనా” అనేవాడు. రెండూ ఓకే అంటే అయిపోయినట్టే. మూడో వరసని అడిగేవాడే కాదు. ఏడాదిలో పోయేవాళ్ళుగా అనేవాడు.

“అమ్మమ్మా! దట్స్ లిటరలీ ద ఎస్టేట్స్ జనరల్.”

మరే! మూడు వర్గాల సభ, వర్గానికో ఓటు, పై రెండూ కలిస్తే మూడోది ఓడినట్టే. మొదటి రోజే నాకూ తట్టింది. తట్టింది, మడత కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ బాగానే ఉంది.

ఆ మూడో వరసలో విజయ అని ఒకావిడ. నాకంటే నాలుగేళ్ళు చిన్న. కరీంనగర్ వైపు. బీడీలు చుట్టి కొడుకుని ఇంజనీరింగు చదివించింది, ఆ అబ్బాయి స్కోఫీల్డ్స్‌లో ఇల్లు కట్టుకుని తల్లిని రెండుసార్లు తెచ్చుకున్నాడు. టీ ఆవిడ పెడితేనే టీ. మొదటిసారి నేను వెళ్ళినప్పుడు ఎక్కడ కూర్చోవాలో తెలీక నిలబడ్డాను. ఆవిడ కప్పులు తుడుస్తూ “నిలబడ్డవేంది టీచరమ్మా, కూసోరాదు” అంది. కూర్చోకూడదు కామోసు, ఎవరి కుర్చీయో, అనుకుని నేనలాగే నిలబడ్డా. మళ్ళీ అంది, “కూసోరాదు!” నేను రెండడుగులు వెనక్కి వేశా. ఆవిడ పకపకా నవ్వి నా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. వాళ్ళ భాషలో కూసోరాదు అంటే కూర్చోవచ్చు కదా అని బతిమాలడంట. తినరాదు అంటే తినమని. రారాదు అంటే రమ్మని. మన వైపు అర్థానికి సరిగ్గా తిరగేసి. ఆ రోజు నుంచీ నన్ను నువ్వు అనే పిలిచేది. నన్నే కాదు, ప్రెసిడెంటు గారినీ అంతే. “నువ్వు జర జరుగు అన్నా, చాయ్ ఒలుకుతది” అనేది ఆయన్ని. ఆయన మొహం చూడాలి! నాకు ఈ దేశంలో తొమ్మిదేళ్ళకి నువ్వు అనేవాళ్ళు ఎవరున్నారే? మీ తాతగారు పోయాక అందరికీ నేను ఆంటీనే, అమ్మమ్మనే, మీరే. ఆవిడ నువ్వు అంటే నాకెంత హాయిగా ఉండేదో.

సరే, తిరుగుబాటు. జులై నెల, ఇక్కడ అప్పుడేగా చలికాలం. బెంచీలు తలుపు పక్కన, గాలి కొట్టేది. మూడో వరస వాళ్ళు హీటరు దగ్గరికి జరుగుతామన్నారు. రామ్మోహన్ గారు వీల్లేదన్నాడు, వరసలు చెడిపోతాయిట. మరుసటి బుధవారం, కాదు, ఆ పై బుధవారం వెళ్ళేసరికి హాలుకి తాళం. తాళంచెవి ఆయన దగ్గర, ఆయన ఫోనెత్తడు. అందరం బయట నిలబడ్డాం. మా ఫ్రాన్సులో కూడా సరిగ్గా ఇంతే, హాలుకి తాళం వేస్తే మూడో ఎస్టేటు వాళ్ళు బంతులాడుకునే చోటికి పోయి ఒట్టు పెట్టుకున్నారు. మేం పక్క పార్కులో బార్బిక్యూ షెడ్డు కిందకి పోయాం. ఎవరో పెసరట్టు పిండి తెచ్చారు, ఆ కరెంటు పెనం మీదే పోసేశాం. తెల్లవాళ్ళు సాసేజీలు పట్టుకుని వచ్చి వాసన చూసి నిలబడిపోయారు. ఆ పెసరట్లు తింటూ ఒట్టు పెట్టుకున్నాం. అందరికీ ఒకే రకం కుర్చీ, మనిషికో ఓటు. నేను కూడా పెట్టుకున్నా. కళ్ళ నీళ్ళు తిరిగాయి నాకు, నిజంగా. బోర్డు మీద ఏటా రాసినది నా కళ్ళముందు జరుగుతోంటే మరి.

ఒట్టు పెట్టించింది ప్రకాశరావు గారని, ఆయన నిజంగానే లాయరు. గుంటూరు వైపు కోర్టులో ప్లీడరు చేసి రిటైరయ్యాడు. విజిటర్ వీసా, మూడో వరస. నిప్పులాంటి మనిషి. టీలో పంచదార వేసుకోడు, ఒకరిచ్చిన స్వీటు ముట్టడు, వాన పడుతున్నా ఎవరి కారూ ఎక్కడు. మోకాళ్ళ నొప్పులతో అంత దూరం నడిచే వచ్చేవాడు.

రామ్మోహన్ గారిని ముందు ఎవరూ పొమ్మనలేదు. మామూలు సభ్యుడిగా ఉండమన్నాం. ఆయనేం చేశాడంటే, లోపల్లోపల ముందు వరస వాళ్ళని కూడగట్టుకుని హాలు మా చేతిలోంచి లాగేసుకుందామని కౌన్సిల్‌కి, అదే ఇక్కడి మునిసిపాలిటీకి, ఉత్తరం రాశాడు. ఉత్తరం బయటపడింది. రాజు కూడా పక్క దేశాల సైన్యాల కోసం చూసి దొరికిపోయాడుగా. ఇంక ఓటు పెట్టాం, ఆయన్ని తీసేశాం. తల తియ్యలేదులే, ఫోన్లో గ్రూపులోంచి తీసేశాం. మాకు గిలటిన్ అంటే అదే. ఇలా బొటనవేలితో నొక్కితే మనిషి లేడు.

అక్కడిదాకా బానే ఉంది. కుర్చీలన్నీ ఒకే రకం అయ్యాయి, కప్పులు అందరం కడిగాం. తరువాత రూల్సు మొదలయ్యాయి. మా అబ్బాయి డాక్టరు, మా కోడలు మేనేజరు అనకూడదు. అంకుల్, ఆంటీ అనకూడదు. అందరూ సమానం కాబట్టి అందరూ అందర్నీ మీరు అనే అనాలి, చివర గారు పెట్టాలి. నువ్వు అంటే తోటి సభ్యుణ్ణి తక్కువ చేసినట్టు. నాకు లోపల నవ్వొచ్చింది, ఎందుకంటే ఫ్రాన్సులో అచ్చంగా దీనికి తిరగబడి జరిగింది. అందరూ సమానం కాబట్టి అందరూ నువ్వు అనాలన్నారక్కడ. మీరు అన్నవాడు పాతరాజు మనిషి అని అనుమానం. పారిస్‌లో మీరు అంటే తప్పు, ద పాండ్స్‌లో నువ్వు అంటే తప్పు. ఆ ముక్క పైకి చెబుదామనుకున్నాను. ప్రకాశరావు గారి మొహం చూసి ఊరుకున్నా.

ఇంకొకటి, ప్రెసిడెంటు కుర్చీ. ఆ మెత్తటి పెద్ద కుర్చీ ఒక్కటి హాలు మధ్యలో ఖాళీగా ఉంచారు. ఇంకెప్పుడూ ఎవరూ దాంట్లో కూర్చోరని గుర్తుకి. ప్రకాశరావు గారు దాని పక్కనే నిలబడి మాట్లాడేవాడు, గంటలు గంటలు.

మొదట ఒకావిడ, కొడుక్కి ప్రమోషన్ వచ్చిందని లడ్డూలు తెస్తే ఆవిణ్ణి తీసేశారు. తర్వాత తంబోలాలో గట్టిగా నవ్వాడని ఒకాయన్ని. రామ్మోహన్ గారితో హారిస్ పార్క్‌లో స్వీటు షాపు దగ్గర మాట్లాడాడని ఇంకొకాయన్ని. ప్రతిసారీ చేతులెత్తమనేవారు. ఎత్తేవాళ్ళం. ఎత్తనివాళ్ళని ప్రకాశరావు గారు అలా చూసేవాడు.

ఒక బుధవారం ఆయన నిలబడి చెబుతున్నాడు. ముప్పావు గంటయింది. కాళ్ళు వణుకుతున్నాయి, బల్ల పట్టుకున్నాడు. మాకందరికీ కనబడుతోంది, ఎవరూ కుర్చీ జరపలేదు. విజయ టీ ట్రే పట్టుకుని వచ్చి చూసి, అయ్యో అంది. “గంట సంది నిలబడ్డవ్, మోకాళ్ళు గుంజుతలేవా? నువ్వు గా కుర్చీల కూసోరాదు అన్నా” అంది.

హాల్లో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

అర్థమైందా? నీకు అర్థం కావాలి, ఇది నీకు చెప్పాల్సిన ముక్క. కాస్త కూర్చో అన్నా, అందావిడ. వాళ్ళకి వినపడిందేవిటంటే, నువ్వు ఆ కుర్చీలో కూర్చోకూడదు, అని. అంటే ఆయనకి కుర్చీ మీద ఆశ ఉందని నలుగురి ముందు అన్నట్టు. పైగా నువ్వు అని. పంచదార కూడా వేసుకోని మనిషిని! ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. “నేను కూర్చుంటానని ఎవరన్నారండీ?” అన్నాడు. విజయకేం అర్థం కాలేదు. “గదే అంటున్న, కూసోరాదు” అంది మళ్ళీ.

ఇంక చేతులెత్తమన్నారు.

అప్పుడు విజయ నా వంక తిరిగింది. హాల్లో ఆవిడ మాట తెలిసి, లేచి చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. మిగతా కరీంనగర్, వరంగల్ వాళ్ళలో కొందరు వెళ్ళిపోయారు, కొందరు ఆ రోజు రాలేదు, ఇద్దరున్నారు, వాళ్ళు తలొంచుకున్నారు. విజయ నన్ను చూసి, “టీచరమ్మా, నువ్వన్న జెప్పరాదు వీళ్ళకు” అంది. నువ్వైనా చెప్పవే, అని. బతిమాలుతోందే. వెంటనే వెనకనుంచి ఎవరో అన్నారు, చూశారా, ఆవిణ్ణి కూడా చెప్పొద్దంటోంది, అని.

నాకు తెలుసు. ఒక్క వాక్యం చాలు. కూసోరాదు అంటే కూర్చోమని అండీ, అంటే అయిపోయేది. అందరూ నవ్వేవాళ్ళు, ఆయన కూర్చునేవాడు. ఇరవై తొమ్మిదేళ్ళు వందల మంది ముందు నోరు విప్పినదాన్ని, ఆ ఒక్క వాక్యం రాలేదు. ఏమనుకున్నానంటే, నేను అడ్డుపడితే, మీరిద్దరూ ఒకటే అంటారు, పై బుధవారం నా పేరొస్తుంది, నాకు ఈ మూడు గంటలు కూడా ఉండవు, మళ్ళీ ఆ ఇంట్లో గోడలు చూస్తూ... మీరందరూ ఆరింటికి గానీ రారు కదా. తర్వాత ఇంకోటనుకున్నా. చెప్పొద్దంటోంది అని అందరూ అనుకుంటున్నారుగా, నేను చెప్పకపోతే తప్పేం కనబడదు అని. అంటే ఆవిడ మాటలోని తప్పు అర్థాన్ని పట్టుకుని దాని వెనక దాక్కున్నా. ఆ అర్థం తప్పని బాగా తెలిసి కూడా.

చెయ్యెత్తాను. చెయ్యెత్తడం అంటే మన తెలుగులో కొట్టడానికి ఎత్తడం కూడానే. ఆవిడ నా చెయ్యి చూసింది, ట్రే బల్ల మీద పెట్టింది, చెప్పులు వేసుకుని వెళ్ళింది. ఆ టీ ఎవరూ తాగలేదు.

ఆవిడకి వీసా ఇంకా మూడు నెలలుంది. కారు నడపదు, ఇంగ్లీషు రాదు, పగలంతా ఇంట్లో ఒక్కత్తే. ఒకసారి మన వాగు పక్క నడకదారిలో ఎదురుగా వస్తోంది. దూరం నుంచే గుర్తుపట్టాను, ఆ నడక. నేను పక్క సందులోకి తిరిగిపోయా. సిగ్గేసింది. ఆవిడంటే కాదే, నన్ను చూసుకుంటే.

తరువాతి కథ నీ పుస్తకంలో ఉన్నదే. అందరికీ భయం పట్టుకుంది, ఇవాళ ఎవరి పేరో అని. పోయిన నవంబరులో ఒక బుధవారం ప్రకాశరావు గారు నోరు తెరవకముందే ఎవరో లేచి ఆయన పేరే చెప్పారు. చేతులన్నీ లేచాయి. నాదీ లేచింది, దానికేం, అలవాటైపోయింది. ఆయన గొడుగు తీసుకుని కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన నమ్మినది ఆయన చేశాడు. తర్వాత ఐదుగురి కమిటీ ఒకటి, ఎవరి మాటా ఎవరూ వినరు, టీ లేదు, మైకు పాడు. అప్పుడు శేషుబాబు గారని స్పీకర్లూ వ్యానూ ఉన్నాయన వచ్చి అంతా సర్దాడు. మా సైనికుడు. మిలిటరీలో చేశాట్ట నిజంగానే. అందరం చేతులెత్తి ప్రెసిడెంటుని చేశాం. అందర్లోకీ పెద్దావిడ చేత శాలువా కప్పిద్దామనుకున్నారు, ఆవిడ నెమ్మదిగా లేచే లోపల ఆయనే శాలువా తీసుకుని ఆయనే కప్పేసుకున్నాడు! నేను గట్టిగా నవ్వేశాను, ఆపుకోలేక. ఫ్రాన్సు సైనికుడూ అంతేగా, కిరీటం తన చేత్తో తనే పెట్టుకున్నాడు. ఎందుకు నవ్వానో ఎవరికీ తెలీలేదు. ఇప్పుడు టీ టయానికి వస్తుంది. కుర్చీలు మాత్రం ఒకే రకం ఉన్నాయి, విజిటర్ వాళ్ళకీ ఓటుంది, ఓటు వెయ్యడానికేం లేదనుకో. అంటే అంతా వృథా అని రాయకు. వృథా కాదు.

తీసేసినవాళ్ళందర్నీ మళ్ళీ చేర్చుకున్నారు. రామ్మోహన్ గారు కూడా వస్తాడు, చివర్న కూర్చుంటాడు. విజయ లేదు. వీసా అయిపోయింది, వెళ్ళిపోయింది. చెప్పి వెళ్ళడానికి నా దగ్గరికెందుకొస్తుంది?

మొన్న ఉగాదికి వాళ్ళబ్బాయి దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ఏమనాలో పొద్దుట్నుంచీ అనుకుంటూ కూర్చున్నా. ఎత్తింది. అవతల ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది, “నువ్వు ఆగు బిడ్డా, ఫోనొచ్చింది” అంటోంది. నా ప్రాణం లేచొచ్చింది ఆ గొంతు వినగానే. నేనే విజయా, టీచరమ్మని, అన్నాను.

అవతల నవ్వు ఆగింది. తర్వాత, “ఆఁ మేడం. చెప్పండి. మంచిగున్నరా మీరు?” అంది.

మీరు.

తప్పయిపోయింది విజయా, నేను ఆ రోజు చెప్పాల్సింది, అన్నాను. “అయ్యో, గదేం లేదు మేడం, మీరు పెద్దోళ్ళు” అంది. పిల్లలు మంచిగున్నరా అండి అని నిన్ను కూడా అడిగింది, పేరు పెట్టి. పావుగంట మాట్లాడింది, ఎంతో మర్యాదగా. ఒక్క పొల్లు మాట లేదు. ఒక్క నువ్వు కూడా లేదే. వస్తుందేమో, మధ్యలో పొరపాటునైనా జారుతుందేమోనని చెవి అక్కడే పెట్టుకుని విన్నాను, చివరిదాకా. ఉంటానండి అని పెట్టేసింది.

“అమ్మమ్మా...”

ఏం లేదులే. ఈ మంచినీళ్ళు ఇలా ఇవ్వు. అందరూ ఎందుకు ఊరుకున్నారో నాకు తెలీదు, అందరి తరఫునా నేను చెప్పలేను. మీ అమ్మమ్మ ఎందుకు ఊరుకుందో చెప్పాను, అది రాసుకో కావాలంటే. పేరు కూడా పెట్టు, పర్లేదు. ఇంక ఆపేయ్ అది. చల్లగా ఉండు తల్లీ, బాగా చదువుకో. ఆ వేళ వస్తుంది నీకూ, ఎవరికైనా వస్తుంది. నీకు మాత్రం నోరు పెగలాలి.